బొమ్మలొక్కటే అడ్డం

బంగారుపాళ్యం చుట్టుపక్కల బొమ్మలేసేవాళ్లంతా కలిసి ప్రదర్శన పెట్టాలనుకుంటే ముందు ముహూర్తం చూసుకోవాలి. జూన్ ఆఖరు, జూలై మొదలు శ్రేష్ఠం. తోతాపురి మామిడి మండీకి దిగే రోజులవి. ఊరు ఊరంతా ట్రాక్టర్ల వెంబడి, గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు ఉంటుంది. హాల్లో తొక్కిసలాట ఉండదు.

తర్వాత ఫ్లెక్సీ. వసూలైన చందాలో సగం దీనికే పోవాలి. ముఖ్య అతిథి నిలువెత్తున, తక్కినవాళ్లు హోదాను బట్టి పాస్‌పోర్టు సైజులో. చిత్రకారుల పేర్లు అడుగున, ప్రింటింగువాళ్ల ఫోన్ నంబరు పక్కన చోటు మిగిలితే సరి. ఫ్లెక్సీ కట్టేటప్పుడు బొమ్మలు అడ్డమొస్తే జరపాల్సింది బొమ్మలనే.

బొమ్మ నడిమి భాగం నేల నుంచి సుమారు ఐదడుగుల ఎత్తులో, కంటికి ఎదురుగా ఉండాలని గ్యాలరీలవాళ్లు అంటారు. వాళ్లకు కల్యాణ మండపాల సంగతి తెలీదు. ఇక్కడ దాతల ఫొటోల కోసం ఫ్యాన్ల ఎత్తున ఎప్పుడో మేకులు కొట్టి ఉంటారు. వాటికే తగిలించండి. మెడ పట్టేస్తే జనం తొందరగా భోజనాలకు కదులుతారు.

శ్రీకాళహస్తి 2022 దాకా మన జిల్లాలోదే కాబట్టి అక్కడి కలంకారీ ఆయన ఎవరైనా రావచ్చు. గుడ్డలను పడమటి కిటికీకి కట్టించండి. చెట్ల రంగులు కదా, ఎండకు వెలిసిపోతే పాతకాలపువని గొప్పగా చెప్పుకోవచ్చు. ఆయన్ని మాత్రం అక్కడ కూర్చుని గీయనివ్వకండి. వెదురుపుల్లకు ఉన్ని చుట్టి, దారంతో బిగించి, కసిమిలో ముంచి, వేళ్లతో నొక్కుతూ గీత లాగుతాడు. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరేస్తే వచ్చే రసమే కసిమి. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద పడేసరికి గీత నల్లబడుతుంది. అది చూశారంటే పిల్లలు కదలరు, వాళ్ల వెనకే తల్లులు. అవతల అతిథి గంట నుంచి కళల ఔన్నత్యం గురించి చెబుతుంటే ముందు వరుస కుర్చీలు ఖాళీ!

పైగా ‘ఈ పాలవాసన ఏందబ్బా’ అని ఒకరు మొదలెడతారు. ఆ గొడవ లేకుండా అంగట్లో అచ్చుగుడ్డలు తెచ్చుకోవచ్చు. జొన్నలగడ్డ గురప్ప శెట్టి గారికి 2008లో పద్మశ్రీ తెచ్చిన కళ ఇదేనని పైన బోర్డు రాయించి, కింద అచ్చుగుడ్డ వేలాడదీయండి. ఎవరూ తిరగేసి చూడరు.

ధర చీటీ అంటించొద్దు. ఎవరైనా ‘ఇదెంత సామీ?’ అంటే కళకు వెలకట్టలేమనండి. ఆయన బయటికి తీసిన పర్సు మళ్లీ జేబులో పెట్టుకుంటాడు. ఉన్న బొమ్మల్లో బాగున్నదాన్ని, అడక్కముందే, శాలువాతో పాటు అతిథి చేతిలో పెట్టండి. బొమ్మేసినాయనకు సర్టిఫికెట్ చాలు. పేరు తప్పు పడితే దిద్దుకుంటాడు, చేతిలో ఆ విద్య ఉంది కదా.

మిగిలిన బొమ్మలు దాచే పని పెట్టుకోకండి. దామెర్ల రామారావు 1925లో, ముప్పై నిండకుండానే మశూచితో పోయాడు. అయినవాళ్లు ఆయన బొమ్మలు దాచిన పాపానికి రాజమండ్రిలో ఇప్పటికీ ఒక గ్యాలరీ నడపాల్సి వస్తోంది.

బెంగళూరు చిత్రసంతె మాట ఎవరైనా ఎత్తితే వెంటనే టిఫిన్ల సంగతి అడగండి. చిత్రకళా పరిషత్తువాళ్లు 2003లో మొదలుపెట్టిన సంత అది. జనవరిలో కుమారకృపా రోడ్డు పొడుగునా బొమ్మ పక్కన బొమ్మేసినవాడే నిలబడి, ధర చెప్పి, బేరమాడి, చుట్టి ఇచ్చి, డబ్బు లెక్కబెట్టుకుంటాడు. బెంగళూరు రోడ్డు మన ఊరి మీదుగానే పోతుంది, తెల్లారి బస్సెక్కితే మధ్యాహ్నానికి అక్కడుంటారు. మనవాళ్లు ఒక్కసారి పోయొచ్చారంటే మరుసటేడు ఫ్లెక్సీకి చందా ఎవడిస్తాడు?