పారాసెటమాల్ వ్యాఖ్య

మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు రాసిన వ్యాఖ్యకు సంజీవని అని పేరు పెట్టుకున్నాడు. ఆసుపత్రికి అతికినట్టుండే ఆ పేరు అలా ముందే అయిపోయింది. అందుచేత ఈ వ్యాఖ్యకు పారాసెటమాల్ అని నామకరణం చేయడమైనది. తలనొప్పి తగ్గిస్తుంది, రోగం జోలికి పోదు.

మూలం

సమగ్ర ఆరోగ్యానికి మీ విశ్వసనీయ గమ్యం!
ప్రపంచస్థాయి వైద్యం, ఆత్మీయ స్పర్శ.
[మరింత తెలుసుకోండి]

అవతారిక

ఒకానొక పట్టణమున పిల్లల డాక్టరొకాయన సొంతంగా ప్రాక్టీసు పెట్టి, బోర్డు కట్టించి, పాంప్లెట్లు పంచి, చివరకు వెబ్‌సైటు కూడా చేయించెను. అది తెరవగానే కనబడే మొదటి తెర మీది పాఠమిది. దీన్ని చదివేది ఎవరయ్యా అంటే, రాత్రి ఎనిమిదిన్నరకు ఒళ్లు కాలిపోతున్న రెండేళ్ల పిల్లను చంకనేసుకుని, రెండో చేత్తో ఫోను పట్టుకున్న తల్లి. డాక్టరుగారు ఇప్పుడున్నారా లేరా అన్నది ఆమెకు కావలసిన రసం. కవి ఇచ్చిన రసం వేరు.

ప్రతిపదార్థం

సమగ్ర = అన్ని విధములైన (ఏ విధమో చెప్పడం ఇష్టం లేదని భావం); ఆరోగ్యానికి = జబ్బు లేకపోవడానికి (జబ్బు చేసి వచ్చినవారితో అంటున్నాడు); మీ = ఎవరు చూస్తే వారి యొక్క; విశ్వసనీయ = నమ్మదగిన (ఎవరు నమ్మారో తెలియదు); గమ్యం = చేరవలసిన చోటు (దారి చెప్పలేదు); ప్రపంచస్థాయి = ఒక కన్సల్టింగ్ రూము, ఆరు కుర్చీలు గల; వైద్యం = వైద్యమే; ఆత్మీయ స్పర్శ = స్టెతస్కోపు చల్లగా తగలకపోవడమని కొందరు, ఫీజులో తగ్గింపని మరికొందరు, రెండూ కాదని రిసెప్షన్‌లో అమ్మాయి; మరింత = ఇంతవరకు చెప్పినదాని కంటె అధికంగా (ఇంతవరకు చెప్పినది సున్న గనుక ఏం చెప్పినా అధికమే); తెలుసుకోండి = నొక్కండి.

తాత్పర్యం

మేమున్నాము.

విశేషాలు

పాఠం వెనక మూడు బొమ్మలు ఒకదాని తరువాత ఒకటి జరుగుతూ ఉంటాయి. మొదటి బొమ్మ మీది అక్షరాలు కూడబలుక్కునేలోగా రెండోది వచ్చేస్తుంది. అందులో చేతులు కట్టుకుని నవ్వుతున్న తెల్లదొర డాక్టరు ఈ పట్టణంలో ఎవరికీ తెలియదు. మన డాక్టరుగారి ఫొటో ఒక్కటీ లేదు. పాలిపోయిన బొమ్మ మీద తెల్లటి అక్షరాలు వేశారు. మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5కు 1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతున్నాయి. పైగా ఆ తెలుగు అక్షరాలను బొమ్మలోనే అతికించారు. చత్వారం ఉన్న నాయనమ్మ పెద్దవి చేసి చూడబోతే మసకబారతాయి. చూపులేనివారికి తెర చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాటి దగ్గర నోరు మెదపదు. కెమెరాలో తీసింది తీసినట్టు ఎక్కించడం వల్ల బొమ్మల బరువూ ఎక్కువే. తెరలో ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలో కనబడితే బాగున్నట్టని గూగుల్ లెక్క. సిగ్నల్ సరిగా లేని ఊళ్లో ఈ దొరగారు వచ్చేసరికి పిల్ల రెండుసార్లు కక్కుకుంటుంది.

ఆక్షేపం: అతిశయోక్తి కావ్యానికి అందం కదా, దాన్ని తప్పుపట్టడమేల?

సమాధానం: కవికి చెల్లుతుంది, వైద్యుడికి చెల్లదు. చక్కెర వ్యాధి, కాన్సర్ వంటి జబ్బులు నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. డాక్టర్లు ప్రకటనలతో రోగులను ఆకర్షించరాదని భారత వైద్య మండలి 2002 నియమావళి అంటుంది. దీన్ని కాస్త ఆగి చదవాలి. డాక్టరు పత్రికలో ప్రకటన ఇవ్వదగిన సందర్భాలు కొన్ని అందులోనే ఉన్నాయి: ప్రాక్టీసు మొదలుపెట్టినప్పుడు, చిరునామా మారినప్పుడు, కొన్నాళ్లు ఊళ్లో లేనప్పుడు, తిరిగి వచ్చినప్పుడు, ఫీజు ఎంతో చెప్పడానికి. చంకలో పిల్లతో ఉన్న తల్లి అడిగేవీ ఇవే! సైటు మొదటి తెరలో ఏముండాలో, సైట్ల గురించి ఆలోచించకుండానే, ఆ నియమావళి చెప్పేసింది. రిజిస్ట్రేషను నంబరు క్లినిక్కులో కనబడేలా పెట్టాలనీ అందులోనే ఉంది. దాన్ని సైటులోనూ పెట్టమని నా సలహా. నమ్మకానికి విశేషణం కంటె నంబరు మేలు.

పాఠాంతరం

పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ల దాకా: పిల్లల డాక్టరు
డాక్టర్ ఫలానా, ఎం.డి., రిజిస్ట్రేషను నంబరు ఇంత
ఓపీ ఉదయం 10–1, సాయంత్రం 6–9. ఆదివారం లేదు.
ఆంధ్రా బ్యాంకు సందు, మెడికల్ షాపు పైన. ఫీజు ఇంత.
[ఫోన్ చేయండి] [దారి చూపండి]

ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది కదా అంటారేమో. కలిసింది బ్యాంకు, సందు కాదు. ఆటోవాడికి ఏ పేరు తెలిస్తే అదే శుద్ధపాఠం. మ్యాపు గుర్తు పక్కన ఎలాగూ ఉంటుంది.

ఈ పాఠంలో కవిత్వం లేదని సైటు చేసిన కుర్రవాడు చిన్నబుచ్చుకోవచ్చు. దేవుళ్ల శ్లోకాలన్నీ అచ్చేసి ముహూర్తం మరిచిన శుభలేఖ ఎంత అందంగా ఉంటే మాత్రం ఏం లాభం? ఆత్మీయత గురించి రాయాలనిపిస్తే రెండో తెర ఉంది, మూడో తెర ఉంది, అక్కడ ఆశ్వాసాంతం వరకు రాసుకోవచ్చు. మొదటి తెరలో మాత్రం ఫోను గుర్తు బొటనవేలికి అందే చోట, నొక్కితే కాల్ వెళ్లేలా ఉండాలి. నంబరును బొమ్మలో అచ్చేసి పెడితే ఆ తల్లి ఒంటి చేత్తో పది అంకెలు బట్టీపట్టి మళ్లీ కొట్టాలి. రాత్రి తొమ్మిది దాటాక ఆ ఫోను ఎవరూ ఎత్తకపోతే, పిల్లల అత్యవసర విభాగం ఎక్కడుందో, 108 అంబులెన్సుకు ఎప్పుడు చేయాలో ఒక్క వరుసలో రాసి పెట్టండి.

ఇతి ప్రథమ దృశ్య వ్యాఖ్యానం సమాప్తం. డాక్టరుగార్లకు ఒక మనవి: సిమ్ మార్చినప్పుడు సైటులో నంబరు కూడా మార్పించండి.