చర్మం ఇవ్వని గేటు పాసు

బెంగళూరు శివారు బొమ్మసంద్ర పారిశ్రామికవాడలో ఐడీ కార్డు లేకుండా ఏ ఫ్యాక్టరీలోకైనా వెళ్లి చూడండి. గేటు దగ్గరే ఆపేస్తారు. మన ఒంటి మీది చర్మం అంతకన్నా మొండి సెక్యూరిటీ గార్డు. బాహ్యచర్మంలో అన్నిటికన్నా పైన ఉన్నవి చచ్చిన కణాలు, వాటి సందుల్లో కొవ్వు పూత. బరువు 500 డాల్టన్లు దాటిన అణువును ఆ వరస లోపలికి రానివ్వడం అరుదు.

మరి వయసు తగ్గిస్తామనే కొలాజెన్ క్రీము? కొలాజెన్ అనే ప్రొటీన్ అణువు బరువు సుమారు 3 లక్షల డాల్టన్లు. అది ఉండాల్సింది లోపలి అంతశ్చర్మంలో, మనం పూసేది బయట. రాత్రంతా ముఖం జిడ్డు చేసుకుని పొద్దున్నే కడిగేస్తే పోయేది కాలువలోకి. ఈ లెక్కన హోసూరు రోడ్డు మురుగుకాలువలు ఈపాటికి నవయవ్వనంతో మెరిసిపోతుండాలి!

ఇదే బొమ్మసంద్రలో ఉన్న మందుల కంపెనీ బయోకాన్, సోరియాసిస్‌ అనే చర్మవ్యాధికి ఇటోలిజుమాబ్ అనే యాంటీబాడీ మందును 2013లో మార్కెట్లోకి తెచ్చింది. మచ్చలు కనిపించేది చర్మం మీద, మందు ఎక్కించేది మాత్రం నరంలోకి. అంత పెద్ద అణువు చర్మంలోంచి దిగదు మరి. పాపం శాస్త్రవేత్తలు! వీధి చివరి ఫ్యాన్సీ షాపులో ఒక్క మాట అడిగి ఉంటే, "చర్మం అడుగుదాకా దిగే క్రీముంది సార్, రెండు కొంటే ఒకటి ఫ్రీ" అని చెప్పేవాడు కదా.

ఇక తెల్లబరిచే క్రీములు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను తయారుచేసే కణాలు నలుపువాళ్లలోనూ తెలుపువాళ్లలోనూ ఇంచుమించు అన్నే ఉంటాయి. తేడా అవి చేసే మెలనిన్ మోతాదులో, రకంలో. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునేది ఆ మెలనినే. చిత్తూరు నుంచో అనంతపురం నుంచో వచ్చి షిఫ్టు బస్సు కోసం మిట్టమధ్యాహ్నం నిలబడే మనవాళ్లకు అది పైసా ఖర్చు లేని రక్షణ. దాన్ని డబ్బిచ్చి పోగొట్టుకుని, మళ్లీ డబ్బిచ్చి సన్‌స్క్రీన్ కొనుక్కోవడం మన తెలివి. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది. 45 ఏళ్లు పూసుకున్నాక మారింది ట్యూబు మీది పేరు!

వారంలో తెల్లబరిచేవి అసలు లేవా అంటే, ఉన్నాయి. కొన్నింట్లో పాదరసం, కొన్నింట్లో గట్టి స్టెరాయిడ్. ఇవి గార్డును దాటి లోపలికి పోతాయి. 2023లో కేరళలోని కొట్టక్కల్‌లో కిడ్నీ జబ్బుతో వచ్చినవాళ్లను డాక్టర్లు ఆరా తీస్తే బయటపడింది ఇలాంటి పాదరసం క్రీములే. స్టెరాయిడ్ క్రీమైతే చర్మాన్ని పల్చబరుస్తుంది, మొటిమలు తెస్తుంది, మానేస్తే మంట పుట్టిస్తుంది.

లోపలికి పోనిది జేబుకు చిల్లు, పోయేది ఒంటికి చేటు. చర్మం పొడిబారితే మాయిశ్చరైజర్ రాయండి, మచ్చ వస్తే చర్మవైద్యుడికి చూపించండి. వారంలో తెలుపు అని పెద్దక్షరాలతో రాసి, లోపల ఏముందో రాయని ట్యూబును కౌంటర్ మీదే వదిలేసి రండి.