ముందు దిగండి, తర్వాత ఎక్కండి

కొండగట్టు ఘాట్‌రోడ్డును సైకిల్ మీద ఎక్కాలనుకునేవాళ్లకు నా మొదటి సలహా: ఇప్పుడే ఎక్కకండి. సైకిల్‌ను చేత్తో పట్టుకుని నడిపించుకుంటూ పైకి వెళ్లండి. దిగడం నేర్చుకోండి. అది చేతనయ్యాక తొక్కుతూ ఎక్కే సంగతి చూద్దాం.

కరీంనగర్, జగిత్యాల సైకిల్ కుర్రాళ్లకు ఇది తలకిందుల సలహాలా ఉంటుందని తెలుసు. వాళ్ల దృష్టిలో గట్టంటే ఎక్కుడే. ఎన్ని నిమిషాల్లో ఎక్కినవ్, మధ్యలో కాలు కింద పెట్టినవా, ఏ గేరు మీద ఎక్కినవ్? ఇవే ఒకరినొకరు అడిగే ప్రశ్నలు. దిగుడు గురించి ఎవరూ అడగరు. కష్టపడి ఎక్కినందుకు ఉత్తగా దొరికిన సుఖం అనుకుంటారు. నేను మాత్రం దిగుడే అసలు విద్య అంటాను. ఎక్కేటప్పుడు చేతగాకపోతే సైకిల్ ఆగిపోతుంది. పక్కన నిలబడి నీళ్లు తాగుతాం, ఆయాసం తీరుతుంది. దిగేటప్పుడు చేతగాకపోతే సైకిల్ ఆగదు.

గట్టు పక్కనే ఉన్న కొడిమ్యాల మండలంలో ఈ మాటను ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. 2018 సెప్టెంబర్ 11, మంగళవారం. శనివారంపేట నుంచి జగిత్యాల వెళ్లే ఆర్టీసీ బస్సు, సీట్లకు మించిన జనంతో గట్టు మీదుగా వచ్చి ఘాట్‌రోడ్డు దిగుతూ, ఇంకాసేపట్లో కిందికి చేరుతుందనగా లోయలో పడింది. 60 మందికి పైగా ప్రాణాలు పోయాయి. శనివారంపేట, హిమ్మత్‌రావుపేట, రాంసాగర్, డబ్బుతిమ్మయ్యపల్లి... పోయినవాళ్లలో ఎక్కువమంది ఈ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే, అందులోనూ ఆడవాళ్లే ఎక్కువ. ఆ తర్వాత బస్సులను ఆ దారిన పోకుండా ఆపేశారు. ఆ ఊళ్లలో పెరుగుతున్న పిల్లలే ఇవాళ గేర్ల సైకిళ్లు కొనుక్కుని అదే ఘాట్ వైపు చూస్తున్నారు. వాళ్లకు ఎక్కడం నేర్పి, దిగడం నేర్పకుండా వదిలేయడానికి నాకు మనసొప్పదు.

పెద్ద పందేల చరిత్ర చూసినా ఇదే. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో రోడ్డు పందెం గెలిచిన ఇటలీ కుర్రాడు ఫాబియో కసార్తెల్లి, 1995 టూర్ డి ఫ్రాన్స్‌లో పోర్తే దాస్పె అనే కనుమ దిగుతూ పడి చనిపోయాడు. అప్పటికి అతనికి 24 ఏళ్లు. తలకు హెల్మెట్ లేదు. 2023 జూన్‌లో స్విట్జర్లాండ్ ఆటగాడు జీనో మేడర్ కూడా తన దేశపు పందెంలోనే ఆల్బులా కనుమ దిగుతూ లోయలోకి పోయాడు. ప్రపంచ సైక్లింగ్ సమాఖ్య 2003లో హెల్మెట్‌ను తప్పనిసరి చేసినప్పుడు, పందెం చివర్లో పొడవాటి ఎక్కుడు ఉంటే అక్కడ తీసేసుకోవచ్చని మొదట సడలింపు ఇచ్చింది. తర్వాత దాన్నీ ఎత్తేసింది. నియమాలు రాసినవాళ్లకు కూడా ముప్పు ఎటువైపు ఉందో తెలుసన్నమాట.

లెక్క వేసి చూపిస్తాను. మనిషి, సైకిల్ కలిపి 85 కిలోలు అనుకుందాం. 100 మీటర్ల ఎత్తు నుంచి కిందికి వస్తే సుమారు 83 వేల జౌళ్ల శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. గాలీ బ్రేకులూ ఏవీ అడ్డుకోకపోతే కింద చేరేసరికి వేగం గంటకు 150 కిలోమీటర్లు దాటుతుంది. ఆ శక్తిలో కొంత గాలి తీసుకుంటుంది. మిగతాదంతా బ్రేకు రబ్బర్ల దగ్గర వేడిగా మారుతుంది. మొత్తంగా చూస్తే పావు లీటరు నీళ్లను సలసల మరిగించగల వేడి అది. అందుకే మొదటి నుంచి చివరి దాకా బ్రేకు నొక్కి పట్టుకుని దిగేవాళ్ల రిమ్ములు కాలిపోతాయి, లోపలి ట్యూబులు పేలతాయి. వేగం రెట్టింపైతే ఆగడానికి పట్టే దూరం నాలుగింతలవుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో, ఎదురుగా కోతి దూకిందని గుర్తించే ఒక్క సెకనులోనే 11 మీటర్లు గడిచిపోతాయి. బ్రేకు నొక్కేది ఆ తర్వాత.

కాబట్టి డబ్బు ఖర్చు పెట్టేదేదో బ్రేకుల మీద పెట్టండి. తేలికపాటి సైకిల్ కోసం, కార్బన్ ఫ్రేము కోసం అప్పులు చేస్తున్న కుర్రాళ్లున్నారు. రెండు కిలోలు తగ్గితే ఎక్కుడులో కలిసొచ్చేది కొద్దిపాటి సమయమే. కొత్త బ్రేకు రబ్బర్ల జతకు అయ్యే ఖర్చు ఆ అప్పులో ఏ మూలకూ రాదు. గట్టుకు వెళ్లే ముందురోజు రబ్బరు విప్పి అరచేతిలో పెట్టుకుని వెలుతురులో చూడండి. కొత్త రబ్బరు ముఖం మీద గాడులు ఉంటాయి. అవి అరిగిపోయి నున్నబడితే మార్చేయాల్సిందే. గోరుతో నొక్కితే దిగకుండా గట్టిగా ఉన్నా, ముఖం గాజులా మెరుస్తున్నా అది ఎండకు చచ్చిపోయిన రబ్బరు. తళుకుమంటూ చిన్న చిన్న నలకలు కనిపిస్తే అవి రిమ్ము నుంచి ఊడొచ్చిన అల్యూమినియం ముక్కలు. సూదిమొనతో ఒక్కొక్కటీ పీకేయండి. వదిలేస్తే అవే రిమ్మును కోసేస్తాయి. తర్వాత గరుకు కాగితంతో ముఖాన్ని రెండుసార్లు రుద్ది బిగించండి. లివర్ పూర్తిగా నొక్కినా హ్యాండిల్‌కు అంటుకోకూడదు. ముందు బ్రేకు పట్టుకుని సైకిల్‌ను ముందుకు తోస్తే వెనక చక్రం గాల్లోకి లేవాలి. లేవకపోతే కేబుల్ బిగించమని పంక్చర్ షాపు అన్నకు చెప్పండి. ఆయనకు ఐదు నిమిషాల పని.

పాత ఇనుప రిమ్ముల సైకిల్ ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా చెప్తున్నాను. ఇనుప రిమ్ము తడిస్తే రబ్బరు పట్టు దాదాపు పోతుంది. వానాకాలంలో ఆ సైకిల్‌తో గట్టు వద్దు, ఎంత బతిమాలినా వద్దు.

ఇక పాఠాలు. మొదటి పాఠానికి గట్టు కూడా అక్కర్లేదు. ఏ ఊళ్లోనైనా చెరువు కట్ట ఉంటుంది, కట్ట మీంచి కిందికి బాట ఉంటుంది. కింద ఒక రాయి పెట్టి, ముందు చక్రం సరిగ్గా ఆ రాయి దగ్గర ఆగేలా దిగండి. రాయి దాటిపోతే మళ్లీ కట్టెక్కండి. రాయికి బాగా ముందే ఆగిపోయినా మళ్లీ ఎక్కాల్సిందే, అది భయంతో ఆగడం. అనుకున్నచోట ఆగడం చేతికి రావాలి.

రెండో పాఠం గట్టు దగ్గర. అందరూ పైనుంచి మొదలుపెడతారు. మీరు కింది నుంచి మొదలుపెట్టండి. సైకిల్ నడిపించుకుంటూ చిట్టచివరి మలుపు దాకా మాత్రమే వెళ్లి, అక్కణ్నుంచి దిగండి. అది బాగా వచ్చాక ఇంకో మలుపు పైకి. అలా ఒక్కో మలుపు కలుపుకుంటూ పోతే గట్టు మీది ఆంజనేయస్వామి గుడి దగ్గరికి చేరేనాటికి, అలిసిన చేతులతో వచ్చి తగిలే ఆఖరి మలుపు మీకు అన్నింటికంటే బాగా తెలిసినదై ఉంటుంది. పైనుంచి మొదలుపెట్టినవాళ్లకు అదే అన్నింటికంటే తక్కువ తెలిసిన మలుపు. ఈ ఒక్క తేడా కోసమే నా పద్ధతి పట్టుకుని వేలాడుతున్నాను.

నడుస్తూ వెళ్లేటప్పుడు కళ్లకు పని చెప్పండి. వానలకు కొట్టుకొచ్చిన ఇసుక, కంకర మలుపు లోపలి అంచున ఎక్కడ పేరుకుందో చూడండి. కారిన డీజిల్ మరకలు ఎక్కడున్నాయో, గోడ ఎక్కడ ఉందో ఎక్కడ లేదో గుర్తు పెట్టుకోండి. గుడి దారి కాబట్టి కొబ్బరి చిప్పలు, అరటి తొక్కలు రోడ్డు మీద మామూలే. సైకిల్ మీద పోతూ ఇవన్నీ చూడలేరు.

మలుపు రాకముందే వేగం తగ్గించండి. రెండు బ్రేకులూ కలిపి గట్టిగా, కొద్దిసేపు. మలుపులోకి వచ్చాక వదిలేయండి. సైకిల్ వంగి ఉన్నప్పుడు బ్రేకు నొక్కితే చక్రం జారుతుంది. మలుపు బయటివైపు పెడల్ కిందికి ఉండాలి, బరువంతా ఆ పాదం మీద పడాలి. చూపు ముందు చక్రం మీద కాదు, మలుపు ఎక్కడ తెరుచుకుంటుందో అక్కడ ఉండాలి. ఎంత ఖాళీగా ఉన్నా మీ ఎడమవైపు దాటకండి. పైకి వచ్చే ఆటో కూడా ఖాళీ అనుకునే వస్తుంది. తిన్నటి దారిలో, టీవీలో పందెగాళ్లలా హ్యాండిల్ మీదికి పడుకోవద్దు. నిటారుగా లేవండి, రొమ్ము విప్పండి. ఎదురుగాలిని మించిన బ్రేకు లేదు, దానికి రబ్బరు అరగదు. వంపు హ్యాండిల్ ఉన్న రోడ్డు సైకిలైతే బ్రేకు నొక్కాల్సినచోట కింది వంపు పట్టుకోండి, లివర్ మీద వేళ్లకు బలం ఎక్కువ దొరుకుతుంది.

పైన గుడి దగ్గర కనీసం అరగంట ఆగండి. దర్శనం చేసుకోండి, చాయ్ తాగండి. ఎక్కడంలో కాళ్లు అలుస్తాయని అందరికీ తెలుసు కానీ, దిగడంలో అలిసేది వేళ్లు, ముంజేతులు, మెడ. అరటిపండు వెనక జేబులో పెట్టుకుని దిగకండి. కొండగట్టు కోతులకు మీ జెర్సీ జేబులు ఎక్కడుంటాయో బాగా తెలుసు. మంగళ, శనివారాల్లో అసలు రావద్దు. చైత్ర పౌర్ణమి నాటి హనుమాన్ జయంతికి, వైశాఖంలో వచ్చే పెద్ద జయంతికి ఆ రోడ్లు దీక్షాపరులవి. మాల వేసుకుని ఎక్కడెక్కడి నుంచో కాలినడకన వచ్చేవాళ్ల మధ్యలోంచి సైకిల్ దూకించడం ఏ రకంగానూ మర్యాద కాదు. నడిపించుకుంటూ వెళ్లడం నామోషీ అనిపించేవాళ్లు ఆ రోజుల్లో వచ్చి రోడ్డు పక్కన నిలబడి చూస్తే చాలు, గట్టు ఎక్కడానికి నడకే అసలు పద్ధతని అర్థమవుతుంది.

టైము చూసుకోవడం మానేయండి. ఫోన్లో యాప్ పెట్టి, ఎవరికంటే ఎవరు ముందు దిగారో పోల్చుకునే అలవాటు కనిపిస్తే, ఆ కుర్రాడు ఎవరి బిడ్డైనా సరే, నేను దారికి అడ్డంగా నిలబడి ఆపుతాను.

ఈ పద్ధతిలో గట్టు మొత్తం దిగగలిగే నాటికి, ఎన్నోసార్లు నడిచి ఎక్కిన కాళ్లు వాటంతటవే గట్టిపడి ఉంటాయి. అప్పుడు ఎక్కండి. దానికి పెద్ద శాస్త్రం లేదు. ముందు చిన్న పళ్ల చక్రం, వెనక పెద్దది. పక్కనున్న మనిషితో మాట్లాడగలిగేంత నిదానం. మాట తెగుతుంటే ఇంకా నిదానం. ఎండాకాలంలో జగిత్యాల వైపు 45 డిగ్రీలు చూసే ప్రాంతం కాబట్టి తెల్లారేసరికి ఎక్కుడు అయిపోవాలి. నాచుపల్లి జేఎన్టీయూ కాలేజీ పిల్లలకు గట్టు కూతవేటు దూరం. వాళ్లకు హాస్టల్ నుంచి బయల్దేరి టిఫిన్ వేళకు తిరిగి వెళ్లే వీలుంది. కరీంనగర్ నుంచి వచ్చేవాళ్లకు ఒకవైపే 35 కిలోమీటర్లు. గట్టు దిగాక ఇంకా అంత దూరం తొక్కాలి కాబట్టి వాళ్లు ఒకరోజు రాత్రి జగిత్యాలలోనో కొడిమ్యాలలోనో చుట్టాలింట్లో పడుకోవడం మంచిది.

మిగతా కొండలనూ నేను దిగుడు బట్టే ఎంచుతాను. నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ మనకు రెండో బడి. అడవి మధ్యలో మలుపులు. వికారాబాద్ అనంతగిరి హైదరాబాద్ వాళ్లకు ప్రాణం, కానీ ఆదివారం పొద్దున కార్ల రద్దీలో అక్కడ దిగడం నేర్చుకోలేరు. మామూలు పనిరోజు వెళ్లండి. మదనపల్లె దగ్గర హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్ల ఎత్తు, అక్కడ దిగుడు పొడుగు కాబట్టి మధ్యలో రెండుచోట్ల ఆగి రిమ్ములు చల్లబడనివ్వాలి. విశాఖ నుంచి శృంగవరపుకోట మీదుగా అరకు వెళ్లే ఘాట్ తెలుగు నేల మీద నాకు అన్నింటికంటే ఇష్టమైన దారి. కాఫీ తోటల మధ్యలోంచి పోతుంది. చలికాలం ఉదయం మంచు విడిచేదాకా మాత్రం పైనే కూర్చోవాలి. శ్రీశైలం దారిలో నల్లమల అడవికి రాత్రిపూట మన్ననూరు చెక్‌పోస్టు మూసేస్తారు, దాన్నిబట్టి ప్రయాణం వేసుకోండి. బెంగళూరులో ఉద్యోగం చేసే మన పిల్లలందరూ నంది హిల్స్ ఎక్కిన ఫొటోలు పంపుతుంటారు. మీ ఇంట్లో ఎవరైనా పంపితే, బ్రేకు రబ్బర్లు ఎప్పుడు మార్చావని అడగండి.

తిరుమలకు 1944లో మొదటి ఘాట్‌రోడ్డు వేశారు, 1974లో రెండోది. కొత్తదాన్ని ఎక్కడానికి ఉంచి, పాతదాన్ని పూర్తిగా దిగడానికి వదిలేశారు. ఎదురుగా ఏ బండీ రాని దిగుడు. మన గట్టుకు ఇప్పటికే రెండు దారులున్నాయి, నాచుపల్లి వైపు ఒకటి, పాత ఘాట్ ఒకటి. తెల్లవారుజామున కొన్ని గంటలైనా పాత ఘాట్‌ను ఒకవైపు రోడ్డుగా చేసి, దిగేవాళ్లకే వదిలితే బాగుంటుందని జగిత్యాల, కొడిమ్యాల సైకిల్ పిల్లలు కలెక్టరేట్‌లో ప్రజావాణి రోజున ఒక అర్జీ ఇవ్వాలి. రాసిపెట్టమంటే నేను రాసిపెడతాను.