హారన్ మోగట్లేదని వెళితే

పోయిన ఆదివారం పొద్దున నా స్ప్లెండర్ హారన్ మోగట్లేదని బావ ఇంటికి వెళ్లాను. భోజనాల వేళకి ఇంజన్ హెడ్డు ఊడదీసి పాత పేపరు మీద పెట్టారు.

తప్పు నాదే. తెనాలిలో మెకానిక్కులకి కరువా? కానీ బావ ఉండగా బండిని బయటివాళ్లకి చూపిస్తే అక్క ఊరుకోదు. "అంటే మీ బావకేం తెలీదనా?" అంటుంది. అదే అక్క, బావ పక్కన లేనప్పుడు చెయ్యి పట్టుకుని, "ఆయన చేతికి మాత్రం బండి ఇవ్వకురా" అంటుంది. రెండు మాటలూ మనస్ఫూర్తిగానే అంటుంది.

బావ వారమంతా బ్యాంకు ఉద్యోగి. ఆదివారం ఆరెక్స్ హండ్రెడ్ మనిషి. ఈ జాతివాళ్లని మీరూ చూసే ఉంటారు. గళ్ల లుంగీ, గోళ్ల సందుల్లో నలుపు, చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట స్పార్క్ ప్లగ్గు. మాటల మధ్యలో వీధిలో ఏ బండైనా పోతే ఠక్కున ఆగిపోయి, తల పక్కకి వంచి వింటారు. అది మలుపు తిరిగాక "రింగులు పోయినై" అని తీర్పు చెప్పి, వదిలేసిన మాట అందుకుంటారు. మా మేనకోడలికి సంబంధం చూస్తున్న రోజుల్లో ఒక పిల్లవాడు మోటారు సైకిలు మీద వచ్చాడు. ఇంకా గుమ్మంలోకి రాలేదు. "చైను అంత వదులుగా పెట్టుకునేవాడు సంసారం ఏం చేస్తాడే?" అన్నాడు బావ. జాతకాలు కలవక ఆ సంబంధం తప్పిపోయింది. బావ లెక్కలో మాత్రం చైను వల్లే తప్పిపోయింది.

ఆరెక్స్ హండ్రెడ్ 1985లో మన దేశంలోకి వచ్చింది, 1996లో ఆగిపోయింది. 98 సీసీ ఇంజన్, 11 గుర్రాల బలం. బరువు వంద కిలోల పైన ఇంకో మూడు నాలుగు. ఇంత బక్క బండికి అంత బలం ఉంటే ఏమవుతుందో ఆ రోజుల్లో కాలేజీకి వెళ్లిన వాళ్లని అడగండి, మోకాలి మీద మచ్చ చూపిస్తారు. మొదట్లో వచ్చిన బళ్లకి సామాను జపాన్ నుంచి దిగిందని చెప్పుకుంటారు. తెనాలి నుంచి గుంటూరు దాకా "మాది అసలు జపాన్ ఇంజన్" అనేవాళ్లందరినీ లెక్కేస్తే, ఆ ఏడు జపాన్ వాళ్లు ఇంకో పని చేసి ఉండరనిపిస్తుంది. బావది 1992 బండి. అయినా అందులో జపాన్ క్రాంకు ఉంది. అది మద్రాసు పుదుపేట పాత సామాన్ల బజారు నుంచి ఎలా వచ్చిందో చెప్పడానికి ముప్పావుగంట పడుతుంది. వినకుండా లేవడానికి లేదు, ఈలోగా మీ బండి విప్పి ఉంటుంది కాబట్టి.

ఈ మనుషులకి ఇల్లూ షెడ్డూ తేడా తెలియదు. మొన్న వేసవిలో అక్క ఐసు కోసం డీప్ ఫ్రీజర్ తెరిస్తే, దోసెపిండి గిన్నె వెనక కవర్లో చుట్టి ఒక బేరింగు ఉంది. చల్లబడితే కాస్త ముడుచుకుంటుందట, కేసింగు వేడి చేసి పెడితే సుత్తి దెబ్బ లేకుండా దిగుతుందట. శాస్త్రం నిజమే. వేడి చెయ్యడానికి వాడింది మాత్రం అక్క అట్లపెనం. ఇంకోసారి ఇల్లంతా బాలింత గదిలా వాసన వేస్తోందేమిటా అని చూస్తే, బావ పెట్రోల్లో ఆముదం కలుపుతున్నాడు. పాతకాలం రేసు బళ్లు ఆముదం తాగే పరుగెత్తేవని, క్యాస్ట్రాల్ అన్న పేరు కూడా ఆముదం ఇంగ్లీషు పేరులోంచే పుట్టిందని మాకందరికీ పాఠం చెప్పాడు. అదీ నిజమే. మర్నాడు బండి కదల్లేదు. "పసిపిల్లకైనా చెంచాడే పోస్తారండీ" అంది అక్క.

బావ అసలు విద్య ప్లగ్గు చూడటం. బండిని నాలుగో గేరులో గట్టిగా లాగి, ఉన్నట్టుండి ఇంజన్ ఆపి, క్లచ్చి పట్టి పక్కకి తీసి, ప్లగ్గు విప్పి, పాతకాలం వైద్యుడు నాలుక చూసినట్టు చూస్తాడు. తెల్లగా ఉంటే పెట్రోలు చాలట్లేదు, పిస్టన్ కాలుతుంది. మసిపట్టి ఉంటే పెట్రోలు ఎక్కువైంది. పాలు తక్కువైన కాఫీ రంగులో ఉంటే ఆరోగ్యం. ఇన్నేళ్లలో ఆ కాఫీ రంగు ఆయనకి రెండుసార్లే దొరికింది. ఆ రెండు ప్లగ్గులూ దేవుడి గదిలో ఉన్నాయి.

ఇంత పెద్ద మనిషికి ఎదురు నిలబడేది ఒక్క బుల్లెట్ మాస్టారే. ఆయన హైస్కూల్లో ఫిజిక్సు చెప్పి రిటైరైనవాడు. 346 సీసీ పాత బుల్లెట్, గేర్లు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. దాన్ని స్టార్టు చెయ్యాలంటే డీకంప్రెషన్ లివరు నొక్కి, అమ్మీటరు ముల్లు మధ్యకి వచ్చేదాకా కిక్కు రాడ్డుని సుతారంగా కిందకి దించి, అప్పుడు తన్నాలి. ఆ తతంగం చూసి వీధిలో పిల్లలు మాస్టారు సంధ్యావందనం చేస్తున్నారంటారు. ముల్లు చూడకుండా తంతే కిక్కు రాడ్డు తిరిగి మనల్ని తంతుంది. మాస్టారు నడిచేటప్పుడు కుడికాలు కొంచెం ఈడుస్తారు. కారణం మేం ఎవరం అడగలేదు.

"ఏమోయ్ ఆరెక్సూ, మునిసిపాలిటీ వాళ్లు నీకు జీతం ఇస్తున్నారా? మీ వీధిలో దోమలు తగ్గినై" అంటూ వచ్చారు మాస్టారు.

"మీ ఇంటి ముందు చుక్కల ముగ్గు ఎవరేశారు మాస్టారూ? మేడంగారా, బుల్లెట్టా?" అన్నాడు బావ. బుల్లెట్టు నిలబడ్డ చోటల్లా ఆయిలు చుక్కలు పెడుతుందని ఊరందరికీ తెలుసు.

"మా బండి మీద పాట ఉందయ్యా, పెళ్లికూతుళ్లు డాన్సు చేస్తున్నారు."

"మా బండి పేరుతో సినిమానే ఉందండీ, 2018లో." బావ ఆ సినిమా మూడుసార్లు చూశాడు. కథేమిటంటే సరిగ్గా చెప్పలేడు. అందులో బండి సైలెన్సరు ఎలాంటిదో చెప్తాడు.

ఇలా పదేళ్లుగా తిట్టుకుంటున్నారు, ఆదివారం తప్పడం అరుదు. మాస్టారికి జ్వరం వచ్చి రాని రోజున బావ ఏ బోల్టు ముట్టుకోలేదు. దీనికి నాకు తోచిన కారణం ఒకటుంది. బావ చెప్పే ప్రతి చిట్కాకీ ఒక ఖర్చు ఉంటుంది, దాన్ని ఆయన చెప్పడు. మాస్టారు చెప్తారు. మాస్టారి చిట్కాల ఖర్చు బావ చెప్తాడు. ఒక్కరినే వింటే బండి పోతుంది. ఇద్దరినీ వింటే పుస్తకం కొననక్కర్లేదు.

ఉదాహరణకి ఆ మధ్య బావ సిలిండర్ బ్లాకు ఒళ్లో పెట్టుకుని, పొగ బయటికి పోయే రంధ్రం పై అంచుని ఆకురాయితో రుద్దుతున్నాడు. మార్కరుతో గీత గీసుకున్నాడు, అర మిల్లీమీటరు. నాలుగు సార్లు రుద్దడం, ఊదడం, వెర్నియరు పెట్టి చూడటం. మళ్లీ నాలుగు సార్లు. ఆఖర్న ఎమ్రీ కాగితం చుట్టిన వేలు లోపలికి పెట్టి, బియ్యంలో రాళ్లు వెతికే ముసలమ్మలా కళ్లు మూసుకుని అంచంతా తడుముతున్నాడు. ఆ అంచు గరుకుగా మిగిలితే రింగు తట్టుకుని విరుగుతుంది. ఆ వేలు తిరుగుతున్నంతసేపూ మాస్టారు కూడా మాట్లాడలేదు.

"దీంతో టాప్ ఎంత లేస్తుందో చూడు" అన్నాడు బావ నాతో.

"లేస్తుంది. కింద చస్తుంది" అన్నారు మాస్టారు. "పొగ ముందే బయటికి పోతే పై స్పీడులో బాగా లాగుతుంది. సంతలో నెమ్మదిగా పోతే మాత్రం ముక్కుతుంది. పెట్రోలు బంకు వాడు నీకు దీపావళికి స్వీట్లు పంపుతాడు."

ఇద్దరూ చెప్పినట్టే అయింది. కాలవ గట్టు మీద దుగ్గిరాల పసుపు యార్డు దాకా నన్ను వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాడు బావ. సగం దూరం బండి నస పెడుతూ నడిచింది. ఒక చోట థ్రాటిల్ ఇంకొంచెం తిప్పాడు, ఎవరో వెనక నుంచి తన్నినట్టు ముందు చక్రం తేలిపోయింది. "చూశావా, చూశావా!" అని అరిచాడు. నేను చూడలేదు, కళ్లు మూసుకున్నాను. తిరుగు ప్రయాణంలో రిజర్వులో పడింది.

వాళ్లిద్దరూ కలిసి తిట్టేది సైలెన్సరు పిచ్చి కుర్రాళ్లని. సందు చివర ఒక డ్యూక్ కుర్రాడున్నాడు. ఇంజన్‌కి లాప్‌టాప్ తగిలించి మ్యాప్ మార్పిస్తాడు, అది బావకి అర్థం కాదు కాబట్టి క్షమిస్తాడు. వాడి స్నేహితుడు మాత్రం పాత ఆరెక్స్ సైలెన్సరు లోపలి గొట్టం పీకేసి, ఊరు అదిరేలా తిరుగుతున్నాడు. మాస్టారు వాణ్ని ఆపి, ఇరవై నిమిషాలు క్లాసు తీసుకున్నారు. టూ స్ట్రోక్ బండిలో సైలెన్సరు అంటే ఒట్టి పొగగొట్టం కాదు. ఇంజన్‌లోంచి బయటికొచ్చిన పీడనం ఒక అలలా గొట్టంలోకి పోయి, చివర సన్నబడే చోట తగిలి వెనక్కి వస్తుంది. కాలకుండా తప్పించుకుపోతున్న పెట్రోలు గాలిని మళ్లీ సిలిండర్‌లోకి తోసేది ఆ అలే. గొట్టం కొలతలన్నీ ఆ అల వెనక్కొచ్చే వేళని బట్టే ఉంటాయి. "నువ్వు చప్పుడు కొనుక్కుని బలం అమ్ముకున్నావురా" అన్నారు మాస్టారు. పక్కనుంచి బావ, "పైగా పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లని రోడ్డు రోలరు కింద వేసి తొక్కిస్తున్నారు, వీడియోలు చూళ్లేదా?" అన్నాడు. కుర్రాడు అంతా విని, "అంకుల్, చప్పుడే కదా కావాల్సింది" అన్నాడు. దానికి ఫిజిక్సులో జవాబు లేదు.

ఇక నా స్ప్లెండర్ సంగతి.

"హారన్ సరేలే, ముందు ఆ టాపెట్ల చప్పుడు విను" అన్నాడు బావ. నేను విన్నాను. నాకేం వినపడలేదు. మాస్టారికి వినపడింది. ఆరెక్సూ బుల్లెట్టూ ఇలా ఒక్క మాట మీదకి రావడం చూసి నాకు భయం వేసింది. తర్వాత అర్థమైంది. వాళ్లలో వాళ్లు ఎంత కొట్టుకున్నా, స్ప్లెండర్ వాడు ఎదురుపడితే ఇద్దరూ ఒకటే పార్టీ. లీటరుకి అరవై ఇచ్చే బండిని వాళ్లు బండి కింద లెక్కపెట్టరు.

"పాపం, ఎప్పుడూ ఆగలేదంటండీ" అన్నాడు బావ జాలిగా.

"అదే దాని జబ్బు" అన్నారు మాస్టారు. "ఆగని బండి గురించి మనిషికి ఏం తెలుస్తుంది?"

టాపెట్లు సరిచేద్దామని మూత తీశారు. తీశాం కదా అని హెడ్డు దింపారు. దింపాం కదా అని కార్బన్ గోకారు. వాల్వులకి గ్రైండింగ్ పేస్టు రాసి, కర్రకి రబ్బరు బిగించి అరిచేతుల మధ్య కవ్వంలా తిప్పుతూ రెండు గంటలు కూర్చున్నారు. మాస్టారు తిప్పుతుంటే బావ వేలుతో తడిమి "ఇంకొంచెం" అనేవాడు. బావ తిప్పుతుంటే మాస్టారు. అక్క మజ్జిగ తెచ్చి ఇస్తూ, "నిన్ననే చెప్పాను కదరా" అన్నట్టు నా వంక చూసింది. సాయంత్రం కొత్త గ్యాస్కెట్ వేసి హెడ్డు ఎక్కించారు. పోతూపోతూ ముందు చైను సాకెట్టుకి ఒక పన్ను ఎక్కువున్నది వేశాడు బావ. "ఇంజన్ తిరుగుడు తగ్గుద్ది, టాప్ పెరుగుద్ది" అన్నాడు.

"ఎత్తు మీద ఏడుస్తుంది" అన్నారు మాస్టారు.

అదీ అలాగే అయింది. ఇదివరకు మా ఆవిణ్ని ఎక్కించుకుని ఫ్లైఓవర్ మూడో గేరులో ఎక్కేవాణ్ని. ఇప్పుడు రెండులో ఎక్కుతున్నాను. చదును రోడ్డు మీద మాత్రం బండి సైలెంటుగా, వెన్నలా, మునుపటి కంటే లీటరుకి ఆరు కిలోమీటర్లు ఎక్కువ పోతోంది. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఇంత హాయిగా ఎన్నడూ నడవలేదు. మొన్న బజారులో ఒక ఆవు అడ్డం వచ్చింది. బొటనవేలు బటన్ మీద పెట్టి నొక్కాను.

హారన్ ఇంకా మోగట్లేదు. తెనాలి చుట్టుపక్కల మీకు తెలిసిన ఎలక్ట్రీషియన్ ఎవరైనా ఉంటే చెప్పండి. ఆరెక్సుగానీ బుల్లెట్టుగానీ లేనివాడై ఉండాలి. సైకిలు మీద తిరిగేవాడైతే మరీ మంచిది.