కరెంటు కండలు

ఇరవై నిమిషాలు చేస్తే నాలుగు గంటలు జిమ్ము చేసినట్టేనట. ఈ లెక్క కట్టిన పెద్దమనిషి ఎవరోగానీ, ఆయన్ని పొరపాటున కూడా గుంటూరు మిర్చి యార్డులో కాటా దగ్గర కూర్చోబెట్టకూడదు. సాయంత్రానికల్లా రైతు గోచీతో ఇంటికి పోతాడు.

హైదరాబాదు ఈఎంఎస్ ముచ్చట, అంటే కండలకు కరెంటు పెట్టించుకునే వ్యాయామం, ఇప్పుడు రీళ్లెక్కి అరండల్‌పేట ఫోన్లలోకీ, ఒంగోలు ట్రంకు రోడ్డు ఫోన్లలోకీ దిగింది. చూడనివాళ్లు లేరు. నల్లటి బిగుతు చొక్కా, తొడలకు పట్టీలు, లోపల ఎలక్ట్రోడ్లు, తొడిగే ముందు వాటి మీద స్ప్రే సీసాతో నీళ్లు. పక్కన ట్యాబ్ పట్టుకున్న ట్రైనర్. ఆయన వేలు పైకి జరిగేకొద్దీ కస్టమరు పళ్లు బిగుసుకుంటాయి, పొట్ట తనంతట తానే అదురుతుంది, గుంజీ సగంలో మనిషి కొయ్యబారిపోతాడు. నాలుగు సెకన్లు కరెంటు, నాలుగు సెకన్లు విరామం. “అయిపోయిందన్నా, నాలుగు గంటల వర్కవుట్!” అనగానే అన్నగారు మొహం తుడుచుకుని సెల్ఫీ దిగుతారు. ఒంటి మీద మెరిసేది చెమటో, సీసా నీళ్లో దేవుడికెరుక.

ఇంతకీ ఈ నాలుగు గంటలు ఎక్కణ్నుంచి ఊడిపడ్డాయి? ప్రకటనల్లో దానికీ ఒక లెక్క ఉంది. ఇరవై నిమిషాల్లో కండరాలు 36 వేలసార్లు సంకోచిస్తాయట. వినడానికి బాగానే ఉంది. యంత్రం మామూలుగా సెకనుకు 85 దాకా పల్సులు పంపుతుంది. కానీ సెకనులో 85 సార్లు బిగిసి 85 సార్లు వదులయ్యే తీరిక మనిషి కండకు లేదు. అంత వేగంగా వచ్చిపడే పల్సులన్నీ కలిసిపోయి ఒక్కటే బిగింపు అవుతుంది. నాలుగు సెకన్లలో 340 పల్సులు, కండ బిగిసింది మాత్రం ఒక్కసారి. ఇరవై నిమిషాలకూ కలిపితే 150 బిగింపులు. 36 వేలు ఎక్కడ, 150 ఎక్కడ!

ఈ లెక్కే యార్డులో నడిస్తే ఎలా ఉంటుందో చూడండి. నలభై కిలోల పైచిలుకు మిర్చి టిక్కీని హమాలీ భుజానికెత్తుకుని నాలుగు సెకన్లు నిలబడి దించేస్తాడు. “ఏమయ్యా, ఎన్ని మోశావు?” అంటే “340” అంటాడు. కమీషన్ ఏజెంటు కూలి లెక్క కట్టేలోపు ఇంకోటి ఎత్తుతాడు, 680 అయ్యాయి. అలా అన్న హమాలీని ఆ పూటే గేటు బయటికి నెడతారు. అదే మాట ఏసీ గదిలో, ఇంగ్లీషు బోర్డు కింద, వేలకు వేలు ఫీజు పుచ్చుకుని చెబితే సైన్సు.

పోనీ కండల సంగతి వదిలి కాలరీల సంగతి చూద్దామన్నా అక్కడా అంతే. జర్మనీలో ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఈఎంఎస్ మీద ఏళ్ల తరబడి పనిచేస్తున్నారు. దాని మీద వాళ్లకేమీ కోపం లేదు, మంచి ఫలితాలున్నచోట ఉన్నాయనే రాశారు. 2012లో వాళ్లే ఒక కొలత ప్రచురించారు. తేలికపాటి వ్యాయామం మామూలుగా చేస్తే గంటకు 352 కాలరీల లెక్కన ఖర్చవుతుంది, అదే వ్యాయామం కరెంటుతో కలిపి చేస్తే 412. తేడా గంటకు 60. సెషను ఇరవై నిమిషాలే కాబట్టి 20. అంటే ముద్దపప్పు అన్నంలో వేసుకునే నెయ్యిలో అరచెంచా. నాలుగు గంటల కష్టమని ఊదరగొట్టినదాని అసలు బరువు అరచెంచా నెయ్యి.

కొత్త బొంకు కూడా కాదిది. పాతికేళ్ల కిందట అమెరికా టీవీలో పొట్టకు కట్టుకునే కరెంటు బెల్టులు అమ్మారు. పది నిమిషాలు కట్టుకుంటే 600 సిటప్పులు చేసినట్టేనని అందులో ఒకదాని ప్రకటన. 2002 మేలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆబ్‌ట్రానిక్, ఏబీ ఎనర్జైజర్, ఫాస్ట్ ఆబ్స్ అనే మూడు బెల్టుల వాళ్ల మీద తప్పుడు ప్రచారమని కేసులు పెట్టింది. మనకు మాత్రం ఆ సరుకు అర్ధరాత్రి టెలిషాపింగుల్లో, పెదవి ఒకటంటుంటే గొంతు ఇంకోటనే తెలుగు డబ్బింగుతో ఇంటింటికీ వచ్చింది. ఆ బెల్టులు ఇప్పటికీ ఎన్ని అటకల మీద ఉన్నాయో! బెల్టు పెరిగి చొక్కా అయింది, 600 సిటప్పులు పెరిగి నాలుగు గంటలయ్యాయి. అమెరికా ఎఫ్‌డీఏ ఇలాంటి యంత్రాల గురించి ఒక్క ముక్కలో తేల్చేసింది: కండను తాత్కాలికంగా కాస్త గట్టిపరచవచ్చుగానీ, బరువు తగ్గించడానికో నడుము సన్నబరచడానికో దేనికీ తాము అనుమతి ఇవ్వలేదని.

పొట్ట కొవ్వు కరిగిపోతుందట. కొవ్వుకు బిగుసుకోవడం రాదు. పైగా కరెంటుకు అడ్డం పడేదే ఆ కొవ్వు పొర. ఎవరి పొట్ట కోసం ఈ చొక్కా కుట్టామంటున్నారో వాళ్లకే అది అందడం కష్టం.

వ్యాయామానికి అందని లోతు కండరాలను కూడా లేపుతుందట. చర్మం మీద అతికించిన ఎలక్ట్రోడ్ల జోరంతా పైపొర మీదే. లోతుకు వెళ్లేకొద్దీ తగ్గుతుంది.

గుండెకూ మంచిదట! ఆయాసమే రాని వ్యాయామం గుండెకేం చేస్తుంది?

పెద్ద పెద్ద క్రీడాకారులు వాడుతున్నారట. వాడతారు, రోజంతా బరువులెత్తి, పరుగెత్తి, ఆ పైన వాడతారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం నుంచి వచ్చిన రాగాల వెంకట రాహుల్ 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో స్నాచ్‌లో 151, క్లీన్ అండ్ జెర్క్‌లో 187, మొత్తం 338 కిలోలు ఎత్తి స్వర్ణం తెచ్చాడు. ఆ ఇనుము ఎత్తడానికి ముందు ఎన్ని ఏళ్ల ఇనుము ఎత్తాడో ఆ ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు. అంతెందుకు, బండలాగుడు పోటీకి గిత్తలను తయారుచేసే రైతు వాటికి ఉలవలు పెడతాడు, బండ కట్టి లాగిస్తాడు. ఒంగోలు గిత్తకు కరెంటు చొక్కా తొడిగినవాడు ఇంతవరకు లేడు. గిత్తకు ఇన్‌స్టాగ్రామ్ లేదు కాబట్టి బతికిపోయింది.

కరెంటుతో కండ కదలడం నిజం. బొలోన్యాలో గాల్వానీ చచ్చిన కప్ప కాలు ఎగిరించి, ఆ వైనం 1791లో అచ్చు వేయించాడు. కప్ప బరువు తగ్గిందని మాత్రం ఆయన ఎక్కడా రాయలేదు. మోకాలి ఆపరేషన్ తర్వాత నీరసించిన తొడ కండకు, పక్షవాతంతో వాలిపోయిన పాదానికి ఫిజియోథెరపిస్టులు ఇదే కరెంటు పెడతారు, ఉపయోగం ఉంది. బ్యాటరీతో నడిచే చిన్నపాటి కరెంటు అది. పొలంలో మోటారు దగ్గర ప్రాణం తీసే కరెంటుతో దాన్ని కలిపి భయపడే పెద్దవాళ్లదీ అపోహే. మంచాన ఉన్నవాడికి, వ్యాయామం చేయలేనివాడికి అది ఆసరా. చేయగలిగినవాడికి, చేయబుద్ధికానివాడికి దాన్నే మంత్రమని అమ్మడం దగ్గరే ఒళ్లు మండుతుంది.

ఎగతాళి ఇక్కడితో చాలు. ఎందుకంటే ఈ మోజుకు ఆసుపత్రి బిల్లు కూడా ఉంది. మన ఇష్టంతో కండ బిగిస్తే శరీరం కొన్ని పోగులను పనిలోకి దింపి, కొన్నిటికి విశ్రాంతినిస్తూ వంతులు వేసుకుంటుంది. బయటి కరెంటుకు ఆ వంతులు తెలియవు. దొరికిన పోగులనే మళ్లీ మళ్లీ కొడుతుంది. కొత్తవాడికి మొదటి రోజే డోసు పెంచితే కండ పోగులు చిట్లి, లోపలి సరుకు రక్తంలో కలిసి కిడ్నీల మీద పడుతుంది. ఎర్లాంగెన్ వాళ్లే 2015లో రాశారు: మొదటిసారే శక్తికి మించి ఈఎంఎస్ చేసినవాళ్ల రక్తంలో, కండ చిట్లితే బయటపడే క్రియాటిన్ కైనేజ్ వందరెట్లకు పైగా పెరిగింది. ఆ పరీక్షలో పాల్గొన్నవాళ్ల కిడ్నీలకు ఏమీ కాలేదు. అందరికీ ఆ అదృష్టం ఉండదు. జిమ్ములో ఒకే ఒక్క సెషను చేసి కండ కరిగి ఆసుపత్రిలో చేరిన ఇరవై ఏళ్ల ఇజ్రాయెల్ కుర్రాడి సంగతి 2016లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఒళ్లంతా నొప్పి, డికాషన్ రంగులో మూత్రం కనిపిస్తే అది వ్యాయామం పనిచేసిన గుర్తు కాదు, ఆసుపత్రికి పరుగెత్తాల్సిన గుర్తు.

ఇది ఏ రీలులోనైనా చెప్పారా? నొప్పి పుడితే పనిచేస్తున్నట్టేనని కస్టమరు వీపు తట్టడం తప్ప? మే నెలలో రెంటచింతల ఎండకు నోరెండి వచ్చినవాణ్ని, పొద్దుట్నుంచి ఎన్ని నీళ్లు తాగావని అడిగారా? గుండెలో పేస్‌మేకరుందా, ఫిట్స్ వస్తాయా, కడుపుతో ఉన్నావా అమ్మా అని అడగని చోట ఆ స్విచ్చి వేయడం నేరం. జర్మనీలో 2022 చివరి నుంచి ఈఎంఎస్ చేయించేవాడు దానికంటూ ప్రత్యేక శిక్షణ పొందినట్టు రుజువు చూపాలి. ఇక్కడ ట్యాబ్ మీద వేలు జరిపేవాణ్ని నీ చదువేంటని అడిగే నాథుడు ఏడీ? స్థూలకాయాన్ని, తగ్గిస్తామని ప్రకటనలు వేయకూడని జబ్బుల జాబితాలో చేర్చిన చట్టం మనకు 1954 నుంచే ఉంది. మంత్రాలు, తాయెత్తులతో పాటు కవచాలను కూడా అందులో పేరు పెట్టి మరీ ప్రస్తావించారు. కరెంటు కవచం వస్తుందని అప్పటివాళ్లు ఊహించి ఉండరు.

అన్నిటికంటే ముద్దొచ్చేది పెళ్లి ప్యాకేజీ. పెళ్లికొడుకు అమెరికా నుంచి నరసరావుపేట దిగుతాడు, ముహూర్తం ఆరు వారాల్లో, పొట్ట షేర్వానీలో పట్టదు. రోజు విడిచి రోజు కరెంటు, ముహూర్తానికి ఆరు పలకలు, గ్యారంటీ! ఈ విద్య నేర్పిన నిపుణులు రాసుకున్న మార్గదర్శకాలు మాత్రం మొదటి ఎనిమిది, పది వారాలు వారానికి ఒక్కసారే, ఇరవై నిమిషాలే చేయాలంటున్నాయి. ఆ లెక్కన పెళ్లిలోగా అబ్బాయికి దక్కేవి ఆరు సెషన్లు. ఆరింటికీ కలిపి కరెంటు పుణ్యమా అని అదనంగా ఖర్చయ్యేది 120 కాలరీలు. విడిదింట్లో బావమరిది బలవంతాన నోట్లో కుక్కే మొదటి బూందీ లడ్డూతోనే అవి వడ్డీతో సహా తిరిగొస్తాయి. కట్టిన ఫీజు మాత్రం రాదు.