అలిగిన పగడమును ప్రసన్నము చేసికొను విధానము

ముందుగదిలో గోడవారగా నాలుగడుగుల అద్దపుతొట్టి నమర్చి, ఉప్పునీరు నింపి, నీలివెలుగు దీపములను వ్రేలాడగట్టి, నట్టనడుమ రాతిపై నొక టోడ్‌స్టూల్ లెదరు పగడమును ప్రతిష్ఠించుకొన్న గృహస్థునకు ఏదో యొక యుదయమున తప్పక కలుగు ననుభవ మొకటి కలదు. నిన్నటిదాక శిరోభాగమంతట పాలిప్పులను నీటిలో అల్లలాడించుచు నిండుగా విచ్చుకొనియున్న యా ప్రాణి, నేడు వానినన్నిటిని లోనికి ముడుచుకొని, ముఖము మాడ్చుకొని, సంక్రాంతికి వచ్చి అలకపాన్పెక్కిన కొత్త యల్లునివలె నొక ప్రక్కకు వాలి కూర్చుండును. అల్లుని యలకకు గొలుసో, వాహనమో మందు కలదు. ఇది తనకేమి కావలెనో చెప్పదు. చెప్పదు గనుకనే గృహస్థుడు తన బుద్ధికుశలతను నిరాటంకముగా వినియోగించుట కింతకంటె మంచి యవకాశము దొరకబోదు. అట్టివారి సౌకర్యార్థమై యీ విధానము వ్రాయబడుచున్నది.

మొట్టమొదటి నియమము, క్షణమైనను ఆగరాదు. సార్కోఫైటాన్ జాతికి చెందిన యీ లెదరు పగడములు అప్పుడప్పుడు తమ పైపొరను విడుచుట సహజమనియు, ఆ కాలమున కొన్నాళ్ళు, ఒక్కొక్కప్పుడు వారము పదిదినములు ముడుచుకొనియే యుండుననియు, పొరతో కూడ దానిపై నంటుకొన్న పాచియు మురికియు తొలగిపోవుననియు, పవర్‌హెడ్‌ను కొంచెము త్రిప్పి నీటి పారుదల దానిమీదికి పోవునట్లు చేసిన చాలుననియు కొందఱు చెప్పుచుందురు. వీరి మాట వినినచో గృహస్థునకు చేయుటకు పనియే యుండదు. పనిలేక తొట్టియెదుట ఊరక కూర్చున్నచో కనబడున దేమి? మెఱుగెక్కిన పలుచని పొర యొకటి అంచున లేచి, తునుకలు తునుకలుగా ఊడి నీటిలో కొట్టుకొనిపోవుటయు, దాని యడుగున లేత గోధుమవన్నె చర్మము తేటపడుటయు, మఱునాటికి అంచున రెండుమూడు పాలిప్పులు సూదిమొనలంతగా వెలువడి, క్రమముగా పొడవెక్కి, ఒక్కొక్కటి ఎనిమిదేసి కరములను చాచి, ఆ కరముల కిరుప్రక్కల నున్న సన్నని నూగును విప్పుటయు మాత్రమే. ఆ యెనిమిదిని లెక్కించుటకై భూతద్దము పట్టుకొని నిలువగల ఓపిక యున్నవాడు ఈ విధానమున కనర్హుడు.

అవి పువ్వులవలె కనబడుట వలన కలుగు భ్రాంతి పెద్దలకును తప్పలేదు. పగడపు పువ్వులు పువ్వులు కావనియు, ప్రాణులనియు 18వ శతాబ్ది పూర్వార్ధమున మార్సెయ్ నగర వైద్యుడు పెయ్సొనెల్ తాను చూచినది చూచినట్లు వ్రాసిపంపగా, పారిస్ విద్వత్పరిషత్తున రెయోమ్యూర్ అంతటి పండితుడు దానిని విశ్వసింపలేక, ఆ వైద్యుని పరువు దక్కించుటకై కాబోలు, ఆయన పేరైనను చెప్పక యా మాటను ప్రస్తావించి త్రోసిపుచ్చెను. అంతటివారే పొరబడినచోట, మన గృహస్థుడు దానిని పూలకుండీగా భావించి స్థలము మార్చుచుండుట యేమంత తప్పు? కావున రెండవ నియమము: ఉదయము ఇసుకమీద, మధ్యాహ్నము నడిమి రాతిపై, సాయంకాలము దీపమునకు చేరువగా దానిని త్రిప్పుచుండవలెను. దాని కణజాలములో సూక్ష్మమైన శైవలములు కాపురముండి, వెలుగును తిని యజమానికి చక్కెరను పంచిపెట్టుచున్నవి. వెలుగు మారినప్పుడెల్ల ఆ కాపురము సర్దుకొనుటకు వారములు పట్టును. సర్దుకొనకముందే మఱల కదిలించుట యందే కౌశలమున్నది. దీపమునుగూర్చి సందేహము కలిగిన తక్షణము దానిని నూటికి నూఱు పాళ్ళకు పెంచుడు. మెత్తని పగడములలో పెక్కింటికి 50 మొదలు 150 పార్ వెలుగు సరిపోవు నన్నమాట దీపములు కొనలేనివారు పుట్టించినది. మితిమీరిన కాంతికి తాళలేక యా శైవలములు వెళ్ళగొట్టబడి, పగడము తెల్లబారినచో దిగులు చెందనక్కఱలేదు. తెలుపు నీలికాంతిలో మిక్కిలి శోభించును.

ఇక నీటి విషయము. సముద్రజలమున వేయింట 35 పాళ్ళు లవణముండును; తొట్టిలోను అంతే యుండవలెనని శాస్త్రము. దానిని కొలుచుటకు చౌకయైన ప్లాస్టిక్ హైడ్రోమీటరు శ్రేష్ఠము. దాని ముల్లు నంటుకొని యొక గాలిబుడగ యున్నయెడల లెక్క పైకి పోవును, బుడగ రాలిన క్రిందికి దిగును. ఒకే నీటిలో నానావిధ లవణప్రమాణములను చూపి గృహస్థుని చింతను నిత్యనూతనముగా నుంచునట్టి పరికరము వేఱొకటి లేదు. రిఫ్రాక్టోమీటరు కొన్నవారును నిరాశ చెందవలదు: 35 పాళ్ళ ప్రమాణద్రవముతో దానిని సరిచూడక, పెట్టెలోనుండి తీసినది తీసినట్లు నమ్మినచో ఫల మించుమించు సమానమే.

హైదరాబాదు వంటి నగరమున మే మాసపు మధ్యాహ్నము 40 డిగ్రీలు దాటునపుడు, 25, 26 డిగ్రీలు కోరు నీ ప్రాణి గతి యేమని చిల్లర్ అమ్మువారు భయపెట్టుదురు. నీటిపై చిన్న పంకా తిరుగుచున్నచో రెండుమూడు డిగ్రీలు తగ్గుననుట నిజమే. అయితే నీరు ఆవిరియై తరుగును. ఆవిరిలో పోవునది మంచినీరే గాని ఉప్పు గాదని బడిపిల్లలు కూడ నెఱుగుదురు. గృహస్థుడు మాత్రము తరిగిన మేర నుప్పునీటితోనే పూరింపవలెను. నెల తిరుగునప్పటికి తొట్టి మృతసముద్రముతో పోటీపడగలదు. ఆర్ఓ యంత్రమునకు డీఐ గొట్టమును తగిలించి, టీడీఎస్ సున్నయగు నీటిని పట్టుట తీరిక గలవారి పని. బోరునీరు చేతికందుచుండగా అంత శ్రమ యేల?

శుచిత్వ మొకటి చెప్పవలసియున్నది. నైట్రేటు, ఫాస్ఫేటు అను రెండును సున్నకు దిగువరకు గృహస్థుడు నిద్రపోరాదు. మెత్తని పగడములు లీటరునకు 5, 10 మిల్లీగ్రాముల నైట్రేటు గల నీటిలోనే పుష్టిగా బ్రతుకుననియు, ఆహారలేశము లేని నిర్మలజలమున పాలిపోయి కృశించుననియు, అట్టి నీటిలోనే డైనోఫ్లాజెలేటులను గోధుమరంగు జిగురు పాచి ప్రబలుననియు అనుభవజ్ఞులు మొఱపెట్టుదురు. మనవారికి మడి ముఖ్యము.

ఇంతచేసినను ప్రసన్నము కానిచో సీసాల వంతు వచ్చును. అయోడిను, పొటాషియము, స్ట్రాన్షియము, అమైనో ఆమ్లములు, విటమినులు: ఇవియన్నియు నొక్కదినముననే పోయవలెను. రోజునకొకటి చొప్పున పోసినచో ఏది మేలుచేసినదో, ఏది చెఱచినదో తెలిసిపోవు ప్రమాదమున్నది. టెస్టు కిట్టుతో కొలుచుట మందు పోసిన పిమ్మట చేయదగిన పని. 1961లో జకార్తా నగరవాసి లీ చిన్ ఎంగ్ అను నాయన, సహజ సముద్రజలము, ప్రాణముతో తెచ్చిన రాళ్ళు, గాలిబుడగలు, ఇంతమాత్రపు సామగ్రితో పగడములను పెంచిన తన పద్ధతిని అమెరికాలోని యొక పత్రికలో ప్రకటించెను. పాపము, ఆయన కాలమున సీసాలు లేవు.

ఇరుగుపొరుగుల సంగతి యిందఱిలో నెవరును పట్టించుకొనరు. లెదరు పగడము చూపునకు మిక్కిలి సాధువు, కుట్టదు, కఱవదు. కాని స్థలము కోసము అది సాగించు యుద్ధమంతయు నీటిలో కరగు రసాయనములతోనే. టెర్పీనులను వర్గమునకు చెందిన వీనిలో సార్కోఫైన్ అనునదొకటి. ఎఱ్ఱసముద్రపు సార్కోఫైటానునుండి శాస్త్రజ్ఞులు వేరుచేసిన యీ పదార్థము చేపలకు విషము. ఇట్టి రసములు ప్రాకిన నీటిలో గట్టి పగడములు పెరుగుట మానును, ఒక్కొక్కప్పుడు చచ్చును. ఒక లెదరు వలన మఱియొక లెదరును ముడుచుకొనవచ్చును. ఎవరు ఎవరిమీద అలిగిరో పైకి తెలియకుండుట యీ యుద్ధమున విశేషము. నడుమ జానెడేసి యెడము విడిచి, యాక్టివేటెడ్ కార్బన్ సంచి నొకదానిని వడపోతలో వ్రేలాడదీసి, నెలకొకమాఱు మార్చుచుండినచో యుద్ధము చాలవఱకు చల్లారునట. ఇంత చౌకలో తీరునట్టి వ్యాధిని ఆత్మగౌరవము గల యే గృహస్థుడు ఒప్పుకొనును? కావున కార్బన్ సంచిని తీసివైచి, ఇసుక కనబడకుండ పగడములను క్రిక్కిఱియ నింపవలెను. ముడుచుకొన్నదాని ప్రక్కనే క్రొత్తదాని నుంచుట ఓదార్పు క్రింద లెక్క.

చేపలనుగూర్చి రెండు మాటలు చాలును. క్లౌనుచేపకు అనిమోను దొరకనిచో లెదరు తలపై పొర్లాడి దానిని విప్పుకొననీయదు. చూచువారికి ముచ్చటగా నుండును గనుక కొనసాగనిండు. చేపలపై తెల్లచుక్కలు కనబడినచో వేఱొక తొట్టిలో చికిత్స చేయుట కాలహరణము. రాగిమందును నేరుగా పెద్దతొట్టిలోనే పోయుడు. రాగి వెన్నెముక లేని ప్రాణుల కేమియు చేయదని మందుసీసా పైన వ్రాసియుండదు, నిజమే; చీటీలు చదువువారు మందు పోయు వేళకు బజారునుండి తిరిగివచ్చియుండరు.

ఒకచోట మాత్రము నేను పరిహాసమును ప్రక్కన బెట్టి చెప్పవలసియున్నది. పాలిథోవా, జోవాంథసు అను చిన్నిగుండీల వంటి జాతులలో కొన్నింటియందు పాలిటాక్సిన్ అను మహావిషముండును. హవాయిలోని మావి ద్వీపమున హానా ప్రాంతపు పూర్వులు దీనిని బల్లెముల మొనలకు పూసెడివారని ప్రతీతి. 1971లో దీనిని తొలుత వేరుచేసినదియు ఆ ప్రాణులనుండియే. ఇవి పట్టిన రాతిని శుభ్రము చేయుదమని వేడినీటిలో ఉడికించి, ఆ యావిరిని పీల్చి కుటుంబములకు కుటుంబములు ఆసుపత్రి పాలైన సంఘటనలు వైద్యపత్రికల కెక్కినవి. వీనిని ముట్టునపుడు చేతులకు తొడుగులు, కన్నులకు అద్దములు ధరింపుడు. రాతిని ఉడికింపకుడు, పొడిగా గోకకుడు. ఇది విధానములోని భాగము గాదు, నిజమైన మాట.

ఇక ఫలశ్రుతి. ఇన్ని యుపచారములకును తట్టుకొని, ఒకానొక యుదయమున పొర విడిచి, ఆ లెదరు తనంత తానే నిండుగా విచ్చుకొనినచో, చివరగా పోసిన సీసాకే యశస్సు నాపాదించి మిత్రులందఱికి సిఫారసు చేయవలెను. అది విచ్చుకొనక కరగి నీరైనచో, మిగిలిన సీసాలు వ్యర్థము కాకుండ జెనియాను తెచ్చి ప్రవేశపెట్టుడు. ఎడతెగక పిడికిలి ముడిచి విప్పుచుండు నీ పగడము ఆ చలనముచేత తనచుట్టు పేరుకొన్న ఆక్సిజనును తొలగించుకొని శైవలములకు మేలుచేసికొనునని 2013లో ఎఱ్ఱసముద్రపు పరిశోధకులు తేల్చిరి. జాగ్రత్తగా పెంచువాని తొట్టిలో నిది కారణము చెప్పకయే ఒక రాత్రిలో కరగిపోవుట కలదు. నిర్లక్ష్యముగా వదలిన తొట్టిలోనన్ననో రాతినుండి రాతికి ప్రాకి, వడపోత గొట్టములను దాటి, పవర్‌హెడ్ పైకి సైత మెక్కును. అట్లెక్కిన నాడు పైని చెప్పిన నియమములన్నిటిని తిరిగి మొదటినుండి దానిపై ప్రయోగింపుడు. ఏదియు దానికి తగలదు. అప్పుడు జెనియా పట్టిన రాతిని బక్కెట్టులో పెట్టుకొని, ఇప్పుడిప్పుడే తొట్టి కొన్న బంధువు నింటికి పోయి, ఇది మిక్కిలి సుకుమారమైన ప్రాణి, కనిపెట్టి చూచుకొనవలెనని చెప్పి బహూకరించి రావలెను.