తారీఖుల పెద్దమనిషి

పాత కారు బానెట్ ఎత్తితే నలుగురూ ఇంజన్ చూసి "అబ్బ!" అంటారు. తారీఖుల పెద్దమనిషి అనడు. జేబులోంచి పళ్ల డాక్టర్లు వాడే బుల్లి అద్దం, చిన్న టార్చిలైటు తీసి, నేల మీద మోకరిల్లి, స్టార్టర్ మోటారు పక్క చీకట్లో ఏవో అంకెలు చదువుకుంటాడు. లేచి మోకాళ్లు దులుపుకుని "ఊఁ" అంటాడు. ఆ ఒక్క "ఊఁ"తో కారు సొంతదారుకి ఆ రాత్రి నిద్ర ఉండదు.

ఈ రకం మనుషులు అమెరికాలో షెవర్లే కార్వెట్ల చుట్టూ బాగా కనిపిస్తారు. పాత స్పోర్ట్స్ కారుని బాగుచేసి రోడ్డెక్కిస్తే చాలనుకునే అల్పసంతోషులతో వీళ్లకి పొసగదు. 1967 ఫిబ్రవరి నెలాఖరున సెయింట్ లూయిస్ ఫ్యాక్టరీ గేటు దాటిన కారైతే, దాని ఒంటి మీది ప్రతి ఇనప ముక్కా ఆ తేదీకి ముందే పుట్టి ఉండాలి. అలాగని మరీ ముందు పుట్టినా ఒప్పుకోరు. ఆరు నెలలు దాటితే అనుమానమే.

పుట్టిన తేదీ తెలిసేదెలాగంటే, అది పార్టు మీదే రాసి ఉంటుంది. ఇంజన్ బ్లాకు పోత పోసిన రోజు ఇనుములోనే ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. నెలకో అక్షరం: ఏ అంటే జనవరి, బీ అంటే ఫిబ్రవరి. "బీ 3 7" అంటే 1967 ఫిబ్రవరి 3. ఇంజన్ బిగించాక ముందువైపు చదునైన చోట "టీ0214జేఈ" అని ఇంకో ముద్ర కొట్టారనుకోండి. టీ అంటే న్యూయార్క్ రాష్ట్రంలోని టోనవాండా ఫ్యాక్టరీ, ఆ తర్వాతది ఫిబ్రవరి 14, జేఈ అంటే మూడు హోలీ కార్బురేటర్లతో 435 హార్స్‌పవర్ ఇచ్చే 427 ఇంజన్. పక్కనే కారు నంబరు చివరి అంకెలు. కార్బురేటర్ మీద "712" ఉంటే 1967 జనవరి రెండో వారం. ఆల్టర్నేటర్‌ది మరో పద్ధతి: ముందు సంవత్సరం, తర్వాత నెల అక్షరం, చివర రోజు. ఇన్ని జాతకాలూ కలిస్తేనే పెద్దమనిషి సంబంధం ఖాయం చేస్తాడు. ఆల్టర్నేటర్ మార్చిలో పుట్టిందా, ఎంత బాగా కరెంటిచ్చినా అది ఆ ఇంటిది కాదు.

ఈ పట్టుదలలో తిక్క ఎంతుందో లెక్కా అంతే ఉంది. ఆ రోజుల్లో ఏ కారులో ఏ ఇంజన్ పెట్టారో చెప్పే చిట్టా కంపెనీ దగ్గరే లేదు. ఫ్యాక్టరీలో పెట్రోలు ట్యాంకు నెత్తిన అతికించిన కాగితం ఒకటుంటుంది. అది దొరుకుతుందేమోనని ట్యాంకు దింపేవాళ్లున్నారు. తుప్పు, తేమ, ఎలుకలు పంచుకోగా మిగిలితేనే ఆ కాగితం. అది లేకపోతే అంకెలే సాక్ష్యం. సాక్ష్యం మీద డబ్బుంటే దొంగ సాక్ష్యాలూ పుడతాయి కదా! 1967లో ఎల్88 ఇంజన్‌తో వచ్చిన కార్వెట్లు ఇరవయ్యే. వాటిలో ఒకటి 2014లో స్కాట్స్‌డేల్ వేలంలో 38 లక్షల 50 వేల డాలర్లకి పోయింది. దాంతో మామూలు బ్లాకు మీద పాత అంకెలు చెరిపి కొత్తవి కొట్టే చేతివాటం కూడా ఒక విద్యగా ఎదిగింది.

కాబట్టి పెద్దమనిషి అంకెల్ని ఎంత చూస్తాడో, అంకెల కింది లోహాన్నీ అంతే చూస్తాడు. ఫ్యాక్టరీలో బ్లాకు పైభాగాన్ని చెక్కిన యంత్రం ముందు నుంచి వెనక్కి సన్నటి గీతలు వదిలేది. అవి ఉంటే ప్రాణం లేచొస్తుంది. మెషిన్ షాపులో పాత బ్లాకుని నున్నగా చెక్కేస్తే గీతలూ పోతాయి, ముద్రా పోతుంది. అందుకే బ్లాకుని షాపులో అప్పగించేటప్పుడు పెద్దమనిషి ఆ చోటు మీద టేపు అంటించి, టేపు మీద "ముట్టుకోవద్దు" అని రాసి, అదీ చాలదన్నట్టు మెషిన్ దగ్గరే కుర్చీ వేసుకుంటాడు.

ఆగస్టు వస్తే పెన్సిల్వేనియాలో కార్లైల్ కార్వెట్ సంత. అక్టోబరులో పక్కనే హెర్షీలో 1955 నుంచీ నడుస్తున్న పాత కార్ల జాతర. అక్కడ ఈయన నడక చూడాలి. కావలసిన ఆల్టర్నేటర్ బల్ల మీద కనిపిస్తుంది. వెంటనే దాన్ని వదిలేసి పక్కనున్న హెడ్‌లైటు రింగు బేరమాడతాడు. ఏమీ ఎరగనట్టు ఆల్టర్నేటర్ తిరగేస్తాడు. అమ్మేవాడు ముప్పై ఏళ్లుగా ఇలాంటి అమాయకుల్ని చూస్తున్నాడు. భూతద్దం బయటికి రాగానే ధర చివర ఒక సున్నా చేరుతుంది.

పెట్టె విప్పని అసలు కంపెనీ పార్టు చూపిస్తే సంతోషిస్తాడనుకుంటాం. సంతోషించడు. అది రిపేర్ల కోసం 1972లో చేసిందట, పనికిరాదు. తుప్పుపట్టి, చిప్పలు పోయి, తేదీ మాత్రం మిగిలింది మేలట. స్పార్క్ ప్లగ్గు వైర్ల దగ్గర ఈ నిష్ఠ కొంచెం సడలుతుంది. ఆ వైర్ల మీద ఏడాదిలో ఎన్నో త్రైమాసికమో అచ్చేసి ఉండేది. ఇప్పుడు 1967 మొదటి త్రైమాసికం అని అచ్చేసిన సరికొత్త వైర్లు అమ్ముతున్నారు. ఇనుము మీద అంకె కొడితే మోసం, రబ్బరు మీద అచ్చేస్తే పునరుద్ధరణ. ఈ ధర్మసూక్ష్మం అడిగితే పెద్దమనిషి టైమ్ చూసుకుంటాడు.

ఇదంతా ఎవరి మెప్పు కోసమంటే, 1974లో పుట్టిన నేషనల్ కార్వెట్ రిస్టోరర్స్ సొసైటీ కోసం. మొత్తం 4510 పాయింట్లు, 94 శాతం దాటితే టాప్ ఫ్లైట్ అనే గుర్తింపు. చిత్రమేమిటంటే కారు మరీ అందంగా ఉన్నా పాయింట్లు పోతాయి. ఫ్యాక్టరీలో ఇంజన్‌కి నారింజ రంగు గబగబా కొట్టేసేవారు, పక్క భాగాల మీదా తుంపరలు పడేవి. తనిఖీ చేసినవాళ్లు సుద్దతో గీతలు గీసేవారు. పెద్దమనిషి ఆ తుంపరల్నీ, ఆ గీతల్నీ వారాలు కష్టపడి తిరిగి వేస్తాడు. అప్పటి కార్మికుడికి అరనిమిషం పట్టిన అశ్రద్ధని ఈయన ఎంత శ్రద్ధగా చేస్తాడో!

ఆ సొసైటీ ఇచ్చే పెద్ద గుర్తింపుల్లో ఒకటి జోరా ఆర్కస్ డంటోవ్ పేరు మీద ఉంది. కార్వెట్‌ని నిజమైన స్పోర్ట్స్ కారు చేసిన ఇంజనీరు ఆయనే. 1956లో డేటోనా సముద్రతీరంలో తను గీసిన కొత్త కామ్‌షాఫ్ట్ వేసిన కార్వెట్‌ని గంటకి 150 మైళ్లు దాటించాడు. ఉన్న పార్టుని ఉన్నట్టు ఉండనివ్వడం ఆయన వంటికి పడేది కాదు. ఆ కారే ఇవాళ పోటీకొస్తే మన పెద్దమనిషి డంటోవ్‌కి వినయంగా నమస్కారం పెట్టి, కామ్‌షాఫ్ట్ దగ్గర పాయింట్లు కోసేస్తాడు.